చకోరాల వూరు

ఏటా డిసెంబరు దగ్గరపడేసరికి మా ఇంట్లో ఒక చిన్న రభస మొదలవుతుంది. కాలేజీలో పరీక్షలు, చుట్టాలిళ్ళలో పెళ్ళిళ్ళు, పిల్లలకు జలుబులు. సరిగ్గా అప్పుడే నేను సెలవుచీటీ రాసి, గుంటూరు స్టేషనులో శబరి ఎక్స్‌ప్రెస్సు ఎక్కుతాను. అది అయ్యప్పస్వాములు కొండకు వెళ్ళే కాలం. బండినిండా నల్లబట్టలు, ఇరుముళ్ళు, శరణుఘోష. వారి మధ్య తెల్లచొక్కాతో కూచున్న నన్ను చూసి ఎవరో ఒక గురుస్వామి తప్పకుండా అడుగుతాడు:

"తమరూ కొండకేనా? మాల వేసుకోలేదే?"

"కాదు స్వామీ, సినిమాకు."

ఆయన నన్ను ఎగాదిగా చూస్తాడు. సినిమా చూడటానికి ఒక పగలూ ఒక రాత్రీ రైల్లో ప్రయాణం చేసి తిరువనంతపురం పోయే తెలుగు పంతుల్ని ఆయన ఎక్కడ చూసి వుంటాడు పాపం!

నేను చెప్పబోయేది ఆ వూళ్ళో జరిగే కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం సంగతి. మొదటిసారి నేను వెళ్ళింది 2005లో. అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, పెళ్ళై ఆరునెలలు కాలేదు. దానికి పదవ ఏడు నడుస్తోంది. తంపానూరులో దిగి, స్టేషనుకు దగ్గరలోనే వున్న ఇండియన్ కాఫీ హౌసులోకి వెళ్ళాను. లారీ బేకర్ అనే మహానుభావుడు కట్టిన భవనం అది, నత్తగుల్లలాగా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంది. తలపాగా చుట్టిన సర్వరు కాఫీ పెట్టి, నా మెడలోని బిళ్ళ చూసి, ఆవేళ సాయంత్రం ఏ ఇరానీ సినిమా తప్పకుండా చూడాలో చెప్పి వెళ్ళాడు. కాఫీ చల్లారిపోయేదాకా నేను ఆ మనిషివంకే చూస్తూ కూచున్నాను.

ఈ వుత్సవం 1994లో కోళిక్కోడులో పుట్టింది. మొదట రాష్ట్ర చలనచిత్రాభివృద్ధి సంస్థవారు జరిపేవారు. పసిబిడ్డను చంక మార్చినట్టు కొన్నాళ్ళు ఆ వూరూ ఈ వూరూ తిప్పారు. 1998లో కేరళ రాష్ట్ర చలచ్చిత్ర అకాడమీ ఏర్పడింది. దర్శకుడు షాజీ కరుణ్ దానికి మొదటి అధ్యక్షుడు. బిడ్డను ఆ అకాడమీ చేతిలో పెట్టారు. ఆ తరువాత తిరువనంతపురంలో నిలదొక్కుకుంది. అక్కడి పోటీకి ఒక నియమం వున్నది. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల సినిమాలు మాత్రమే పోటీకి నిలబడాలి. ఐరోపావారివీ, అమెరికావారివీ చూపిస్తారు కాని బహుమతి పందెంలో వాటికి చోటు లేదు. నన్నడిగితే ఆ వుత్సవాన్ని నిలబెట్టింది ఈ పంతమే. పెద్ద పెద్ద వూళ్ళవాళ్ళు చేసేదే చిన్నగా చేస్తే ఎవరు చూస్తారు? మనలాంటి దేశాల కథలు మనం చూసుకుందాం అన్నారు, చూసుకుంటున్నారు.

బహుమతి పేరు సువర్ణ చకోరం. నేను తెలుగు పంతుల్ని కనుక ఈ పేరు దగ్గర కాస్త ఆగక తప్పదు. మన కావ్యాల్లో చకోరం వెన్నెల తాగి బతికే పక్షి. నాయిక ముఖం చంద్రుడైతే నాయకుడి కళ్ళు చకోరాలు. ఈ వర్ణన ఎన్ని పద్యాల్లో వచ్చిందో, ఎన్ని పరీక్షల్లో అడిగానో నాకే గుర్తులేదు. చీకట్లో కూచుని, తెరమీది వెలుగును కళ్ళతో తాగేవాళ్ళకు ఇంతకన్న మంచి పేరుందా అని మురిసిపోయాను. తీరా ఇంగ్లీషులో దాన్ని వాళ్ళు అనువదించేది చూస్తే, అది మన జెముడుకాకి! కంపల్లో, దొడ్లో గెంతుతూ పురుగుల్ని ఏరుకుతినే ఎర్రరెక్కల పక్షి. కాసేపు మనసు చివుక్కుమన్నది. కాని జెముడుకాకి ఎదురైతే శుభమని మా అమ్మమ్మ అనేది. అంచేత రాజీపడ్డాను.

ఇంతకూ అసలు ప్రశ్న, అక్కడే ఎందుకు ఇంత పెరిగింది? ఇది ఒక్కరోజులో లేచిన మేడ కాదు. 1965లో అడూర్ గోపాలకృష్ణన్, కులత్తూర్ భాస్కరన్ నాయర్ కలిసి తిరువనంతపురంలో చిత్రలేఖ ఫిలిం సొసైటీ పెట్టారు. ఆ తరువాత వూరూరా అలాంటి సొసైటీలు లేచాయి. చిత్రలేఖవారు సహకార సంఘంగా ఏర్పడి సినిమా తీసేదాకా వెళ్ళారు. అడూర్ మొదటి చిత్రం 'స్వయంవరం' 1972లో అలా వచ్చిందే. జాన్ అబ్రహాం అనే మరో దర్శకుడు ఇంకొక అడుగు వేశాడు. 1984లో కోళిక్కోడులో స్నేహితులతో కలిసి 'ఒడెస్సా' అనే బృందం పెట్టి, ప్రజలదగ్గర చందాలు పోగుచేసి, 1986లో 'అమ్మ అరియాన్' తీశాడు. ఇక వీటన్నిటికీ ముందు గ్రంథాలయాలు. పి. ఎన్. పణిక్కర్ 1945లో అంబలప్పుళలో మొదలుపెట్టిన గ్రంథశాలా సంఘం వూరికొక పఠనాలయాన్ని తెచ్చింది. పుస్తకం చదివిన వూరు సినిమాను కూడా చదువుతుంది.

ఆ మాటకొస్తే గ్రంథాలయోద్యమం మనకేమన్నా కొత్తా? అయ్యంకి వెంకటరమణయ్యగారు 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిపించారు. వాళ్ళకన్న ముప్ఫైయేళ్ళు ముందు! ఫిల్మోత్సవ్ హైదరాబాదులో 1986లో జరిగింది, తిరువనంతపురంలో 1988లో జరిగింది. అక్కడా మనమే ముందు. బాలల అంతర్జాతీయ చలనచిత్రోత్సవం చాలా ఏళ్ళు హైదరాబాదులో జరిగింది. బంగారు ఏనుగు బహుమతి ఇచ్చేవారు. 2017 నవంబరులో 20వది జరిగింది. అదే ఆఖరు.

నేనూ ఒక ప్రయత్నం చేశాను. 2005లో తిరిగొచ్చిన వూపులో నలుగురు స్నేహితులతో కలిసి మా వూళ్ళో ఒక ఫిలిం సొసైటీ పెట్టాను. ఒక హాలు, ఒక అద్దె ప్రొజెక్టరు, నెలకొక సినిమా. మొదటి నెల అరవైమంది వచ్చారు. మూడో నెల ఇరవైమంది. ఏడో నెల పదకొండుమంది, అందులో ఇద్దరు వాచ్‌మనూ వాళ్ళబ్బాయీ. "పాటలు లేవేమిటి మాస్టారూ?" అని ఒకాయన మర్యాదగా అడిగి వెళ్ళిపోయాడు. హాలువాళ్ళు పెళ్ళిళ్ళ సీజనులో తేదీలు ఇవ్వమన్నారు. అంతటితో సరి. ఇప్పటికీ దాని రబ్బరు స్టాంపు నా బల్ల సొరుగులో వుంది.

అంచేత తిరువనంతపురం వెళ్ళినప్పుడల్లా నేను తెరకంటె ఎక్కువ జనాన్నే చూస్తాను. కైరళి, శ్రీ, నిళా, టాగూర్ థియేటరు, కనకక్కున్నులో నిశాగంధి అనే ఆరుబయలు రంగస్థలం. వీటన్నిటి మధ్య మెడలో బిళ్ళలు వేలాడేసుకుని వేలమంది పరుగులు. ఆ సంఖ్య పదివేలు ఎప్పుడో దాటింది. వాళ్ళలో బస్సు కండక్టర్లున్నారు, ప్లీడర్లున్నారు, నర్సులున్నారు, రిటైరైన తాసీల్దార్లున్నారు. సీటు దొరక్కపోతే మెట్లమీద కూచుంటారు. మెట్లు నిండితే నేలమీద. ప్రీతిపాత్రుడైన దర్శకుడి పేరు తెరమీద పడితే, మనవాళ్ళు హీరో పేరుకు కొట్టినట్టు చప్పట్లు కొడతారు. 2013లో కొరియా దర్శకుడు కిమ్ కి-డుక్ వచ్చినప్పుడు ఆయన రోడ్డుమీద నడవడమే కష్టమైంది. సినిమా హాళ్ళలో ఆడని సినిమాలు తీసే మనిషికి సినిమా తారకున్నంత గుంపు! సినిమా అయ్యాక పుట్టు, సెనగల కూర తింటూ కొట్లాడతారు. భాష రాకపోయినా ఆ కొట్లాట నాకర్థమయ్యేది.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. 2005 నుంచి 2017 దాకా ఏడుసార్లు వెళ్ళాను. ఏడుసార్లూ ఒక్కణ్ణే. వచ్చాక వారంరోజులు భోజనాల దగ్గర ఆ సంగతులే చెప్పేవాణ్ణి. అర్ధరాత్రి ఆటకు ఆడపిల్లలు నిర్భయంగా వరుసలో నిలబడ్డారనీ, అదీ నాగరికత అంటేననీ వుపన్యాసం దంచేవాణ్ణి. మా ఆవిడ వడ్డిస్తూ వినేది. ఆవిడ ప్రాథమిక పాఠశాలలో టీచరు. బడి, వంట, ఇద్దరు పిల్లలు, మా అమ్మ మోకాళ్ళనొప్పి. 

2018 ఆగస్టులో కేరళను వరదలు ముంచెత్తాయి. నాలుగువందలమందికి పైగా పోయారు. వుత్సవాలన్నీ రద్దన్నారు. వీల్లేదన్నారు సినిమావాళ్ళు. చివరికి ఆడంబరాలు తగ్గించుకుని, ప్రతినిధుల రుసుము పెంచి, ఆ డబ్బుతో జరుపుకునేట్టు ఒప్పందం కుదిరింది. అంతకుముందు ఏడు 650 రూపాయలున్నది 2,000 అయింది. ఈ సంగతి పేపర్లో చదివి, "ఈసారికి మానేస్తానులే" అన్నాను గొప్ప త్యాగం చేస్తున్నవాడిలా.

"మీరు మానేస్తే మానెయ్యండి. నేను వెళతాను" అన్నది మా ఆవిడ.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"పదమూడేళ్ళనుంచి వింటున్నానండీ. ఆ వరసలో ఆడవాళ్ళు నిలబడతారంటారు కదా, నేనూ నిలబడతాను. నా రెండువేలు నేనే కట్టుకుంటాను. ముంపు తిన్నవాళ్ళకు అంతమాత్రం సాయం చెయ్యకూడదా?"

పిల్లల్ని మా అత్తగారు చూసుకుంటామన్నారు. మా అమ్మ మోకాళ్ళు కూడా ఆ వారం బుద్ధిగానే వున్నాయి. పదమూడేళ్ళుగా కుదరదనుకున్నది రెండురోజుల్లో కుదిరింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఆ యేడు డిసెంబరు 7న వుత్సవం మొదలైంది. తోరణాలు లేవు, విందులు లేవు. జనం మాత్రం జనమే. పోటీలో 'ది డార్క్ రూం' అనే ఇరానీ సినిమా వుంది. ఒక చిన్న పిల్లవాడు, వాడికేదో జరిగిందన్న అనుమానంతో వేగిపోయే తల్లిదండ్రులు. చివరకు సువర్ణ చకోరం దానికే వచ్చింది. అది చూసి బయటికొచ్చాక నేను అలవాటుగా కెమెరా గురించి మొదలుపెట్టాను. మా ఆవిడ నా మాట వినడంలేదు. గోడవారకు వెళ్ళి ఫోను తీసి వాళ్ళ హెడ్మిస్ట్రెసుతో మాట్లాడుతోంది. ఇరవై నిమిషాలు మాట్లాడింది. తరువాతి సినిమా వరుస కదిలిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"మూడోక్లాసులో ఒక పిల్లాడున్నాడండీ. రెండునెలలనుంచి నోరు విప్పడు. మొండివాడనుకుని గోడకుర్చీ వేయించాను" అని ముఖం పక్కకు తిప్పుకుంది.

ఆ రాత్రి ఇంకేమీ చూడలేదు. తిరిగొచ్చాక ఆవిడ వాళ్ళింటికి వెళ్ళింది. ఒకసారి కాదు, చాలాసార్లు వెళ్ళింది. ఆ వివరాలు ఇక్కడ రాయడానికి నాకు హక్కులేదు. ఆ పిల్లవాడిప్పుడు పదోతరగతి. మొన్న సంక్రాంతికి వచ్చి మా దొడ్లో సపోటాలన్నీ కోసుకుపోయాడు.

తరువాత వుత్సవం చాలా చూసింది. కరోనా మూలంగా 25వది 2021 ఫిబ్రవరి, మార్చి నెలల్లో తిరువనంతపురం, కొచ్చి, తలశ్శేరి, పాలక్కాడు నాలుగుచోట్ల పంచి జరిపారు. ఆ యేడు మేం వెళ్ళలేదు. 2022 డిసెంబరులో ఇద్దరం నిశాగంధిలో వున్నాం. ఇరాన్ దర్శకురాలు మహనాజ్ మొహమ్మదీకి 'స్పిరిట్ ఆఫ్ సినిమా' బహుమతి. ఆవిడ దేశం దాటి రాలేకపోయింది. తన జుట్టు పాయ ఒకటి కత్తిరించి పంపింది. ఆవిడ తరఫున బహుమతి అందుకున్న గ్రీకు దర్శకురాలు అథీనా రాచెల్ త్సంగారి ఆ జుట్టు పైకెత్తి చూపింది. మన ఆడవాళ్ళకు జుట్టంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తరువాత చప్పట్లు ఎంతసేపు మోగాయో నాకు తెలియదు. మా ఆవిడ అప్రయత్నంగా తన జడ ముందుకు వేసుకుని పట్టుకుంది.

2025లో ముప్ఫయ్యవది. ఆ యేటి గొడవ వేరు. 19 సినిమాలకు కేంద్రప్రభుత్వ అనుమతి మొదట రాలేదు. ఆ జాబితాలో ఐజెన్‌స్టయిన్ 1925లో తీసిన 'బాటిల్‌షిప్ పొటెంకిన్' కూడా వుంది! నూరేళ్ళ ముసలి సినిమా. ప్రపంచంలో సినిమా పాఠం చెప్పే ప్రతి తరగతిలోనూ చూపించే ఒడెస్సా మెట్ల సినిమా. తరువాత చాలావాటికి అనుమతి వచ్చిందనుకోండి. కాని ఆ నాలుగురోజులూ కాఫీ హౌసులో కాఫీకన్న వేడి మాటలే ఎక్కువ. నా ఎదుటి బల్ల దగ్గర ఒక పెద్దాయన, ఎనభై వుంటాయి, జాన్ అబ్రహాం బృందానికి తాను చందా ఇచ్చాననీ, ఎంతో గుర్తులేదనీ ఒక కాలేజీ కుర్రవాడికి చెబుతున్నాడు. కుర్రవాడు కాగితం మీద రాసుకుంటున్నాడు.

ఈసారి మా ఆవిడతో వాళ్ళ బడి టీచర్లు ఇద్దరు వచ్చారు. ఫోనులో సీట్లు పట్టుకోవడం నాకు చాతకాదు. పొద్దున్నే లేచి వాళ్ళే పట్టేవారు, నాకూ ఒకటి. అరటిపండు బజ్జీల కొట్టు దగ్గర ముగ్గురూ నిలబడి, ఆవేళ చూసినదాన్ని చీల్చి చెండాడుతుంటే, నేను సంచులు పట్టుకుని పక్కన నుంచున్నాను. ఆఖరురోజు ప్రేక్షకుల బహుమతికి ఓట్లు వేశాం.

"దేనికి వేశావు?" అని అడిగాను మా ఆవిడను.

"ఓటు రహస్యం కదండీ" అన్నది.

రైలు నెల్లూరు దాటేదాకా అడిగాను. చెప్పలేదు.