భారమంతా ఒగ్బెచే మీదేనా?

మా అబ్బాయి పుణ్యమా అని ఫుట్‌బాల్ పిచ్చి నాకూ అంటుకుంది. 2023 మార్చి 13న కోల్‌కతాలో మన హైదరాబాద్ ఎఫ్‌సీకి ఏటీకే మోహన్ బగాన్‌తో ఐఎస్ఎల్ సెమీస్ రెండో మ్యాచ్. గచ్చిబౌలిలో మొదటిది 0-0.

"కిందటేడు సెమీస్‌లో వీళ్లనే 3-2తో దాటి కప్పు కొట్టాంగా, మళ్లీ మనదే!" అన్నాడు వాడు.

నాకు మాత్రం బెంగే. డిఫెన్స్ గట్టిదే, కాదనను. మరి గోల్స్? అందుకు ముప్ఫై ఎనిమిదేళ్ల నైజీరియా ఆటగాడు ఒగ్బెచేనే దిక్కు. ఇంటి బరువంతా ఒక్కరి నెత్తిన పడితే ఎలా ఉంటుందో మనకి తెలీదూ?

"నీకేం తెలుసమ్మా" అని కొట్టిపారేశాడు.

ఆ రాత్రీ గోల్ లేదు. పెనాల్టీల్లో ఒగ్బెచే కొట్టిందీ గోల్ కాలేదు. 3-4తో ఓడాం. వాడు అన్నం వద్దని పడుకున్నాడు. లేపి, పెరుగన్నం కలిపి పెట్టాను.