జపాను నేత - ప్రపంచపు వేషం

మన ఇళ్ళలో పిల్లలు తొడిగే నీలిరంగు జీన్సు లాగును ఎరుగని శ్రోతలుండరు. 1873లో అమెరికా దేశంలో, కాయకష్టం చేసే పనివారికోసం రాగిమేకులు బిగించి కుట్టిన దుస్తు అది. కాని ఈనాడు ఆ గుడ్డలో మేలైన రకాన్ని కోరే రసికులు అన్వేషించేది జపాను దేశపు ఒకాయామా ప్రాంతంలో, సముద్రతీరాన ఉన్న కొజిమా అనే పట్టణాన్ని. అమెరికా కూలివాని దుస్తుకు జపానులో పుట్టినిల్లు ఎలా ఏర్పడింది? ఈ ప్రశ్న వెంటబడి వెనుకకు నడిస్తే, రెండువందల ఏళ్ళకు పూర్వం జీవించిన ఒక బాలిక వద్దకు చేరుకుంటాము.

ఆమె పేరు ఇనోవే దెన్. క్యూషూ ద్వీపంలోని కురుమే పట్టణంలో 1788లో జన్మించింది. పన్నెండు, పదమూడేళ్ళ ప్రాయంలో, కట్టి కట్టి వెలిసిపోయిన నీలిబట్టపై అక్కడక్కడ తెల్లని చుక్కలు తేలి ఉండడం ఆమె గమనించిందట. పాతబడిన గుడ్డ గదా అని ఆమె ఊరుకోలేదు. దానిని పోగు పోగుగా విప్పి, తెల్లబడిన తావులను గుర్తించి, కొత్త నూలును సరిగ్గా ఆయా చోట్ల దారంతో బిగించి కట్టి, నీలితొట్టిలో ముంచి, కట్లు విప్పి నేసింది. కట్టిన చోట రంగు అంటక, నీలి ఆకాశంలో నక్షత్రాల వలె చుక్కలు వెలిశాయి. కురుమే కాసురి అనే నేతకు ఇదే ఆరంభమని చెబుతారు.

ఈ వర్ణన వినగానే పోచంపల్లి, పుట్టపాక నేతకారులు చిరునవ్వు నవ్వవచ్చు. మనవారు ఇక్కత్ అని పిలిచే పని ఇదే. బొమ్మ గుడ్డమీద వేసేది కాదు. మగ్గం ఎక్కకముందే అది నూలులో నిదురిస్తూ ఉంటుంది.

జపాను రేవులు 1854 ఒడంబడికతో పాశ్చాత్యులకు తెరచుకున్నాయి. 1867 నాటి పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో జపాను వస్తువులను చూచి ఐరోపా ముగ్ధమయింది. 1876లో చిత్రకారుడు క్లోద్ మోనే తన భార్యకు ఎర్రని కిమోనో తొడిగి చిత్రం వ్రాశాడు. అయితే ఆ మోజు పైపై అలంకారానికి సంబంధించినది. కిమోనోలోని అసలు రహస్యం దాని కత్తిరింపులో ఉన్నది. సుమారు 14 అంగుళాల వెడల్పు, 12 మీటర్ల పొడవు గల ఒకే తానును తిన్నని గీతలలో కోసి కుడతారు. ముక్క వృథా పోదు. మాసినప్పుడు కుట్లు విప్పి, ఉతికి, మరల కుట్టుకోవచ్చు. దేహాన్ని బిగించక, భుజాలమీదనుండి గుడ్డ తన బరువుతో తాను జారుతుంది. నడుమును కట్టుదిట్టంగా బిగించే లోదుస్తులతో బాధపడుతున్న ఐరోపా స్త్రీలకు ఇది విముక్తి మార్గంగా తోచింది. 20వ శతాబ్ది తొలినాళ్ళలో పోల్ ప్వారే, ఆ తరువాత మదలీన్ వియొనే, ఈ సూత్రాన్ని గ్రహించి పారిస్ దుస్తుల రూపాన్నే మార్చివేశారు.

పిమ్మట జపానువారే స్వయంగా పారిస్ చేరారు. 1970లో కెంజో తకాదా అక్కడ దుకాణం తెరిచాడు. హిరోషిమాలో జన్మించి, ఏడేళ్ళ వయసులో అణుబాంబు ఘోరాన్ని చూచిన ఇస్సే మియాకే 1973లో తన దుస్తులను ప్రదర్శించాడు. కావలసినదానికంటె రెండు మూడింతలు పెద్దదిగా దుస్తును ముందే కుట్టి, కాగితాల నడుమ ఉంచి, వేడియంత్రంలో నొక్కి మడతలు తీర్చడం ఆయన పద్ధతి. 1981లో రెయి కవాకుబో, యోహ్‌జి యమమోతో నల్లని, వదులైన, అతుకులు దాచని దుస్తులను ప్రవేశపెట్టినపుడు కొందరు విమర్శకులు పరిహసించారు. కాని పత్తి పండని ఉత్తర జపాను పల్లెలలో, చలికి ఓర్చుకొనేందుకు పేలికమీద పేలిక వేసి కుట్టుకొన్న రైతు కుటుంబాల బట్టలను ఎరిగినవారికి అతుకు అవమానచిహ్నం కాదు.

ఇక కొజిమా సంగతి. అక్కడ 1965లో అమెరికా నుండి తెప్పించిన గుడ్డతో జీన్సు కుట్టడం ఆరంభమయింది. గుడ్డను సైతం స్వదేశంలోనే నేయాలన్న పట్టుదల కలిగింది. ఫుకుయామా ప్రాంతంలో 1893లో వెలసిన కైహారా సంస్థ అంతవరకు కాసురి నేసి జీవించినది. కిమోనో వాడుక తగ్గి గిరాకీ పడిపోగా, 1970లో వారు నూలును మోకుల వలె కూర్చి, నీలిలో ముంచి, గాలికి ఆరనిచ్చి, మరల మరల ముంచే యంత్రాన్ని నిర్మించుకొన్నారు. అట్లా అద్దిన పోగుకు పైన నీలి పడుతుంది, లోపలి గుండె తెల్లగా మిగులుతుంది. అందుచేతనే జీన్సు తొడిగిన కొద్దీ మోకాళ్ళవద్ద, జేబులవద్ద తెల్లబడుతుంది. ఆ వెలయడానికే నేటి యువకులు మక్కువ పడుతున్నారు. ఆనాడు దెన్ తన పాతబట్టలో చూచిన శోభ కూడ ఇదే గదా!

అయితే ఇందులో సంతోషంతోపాటు చింత కూడ కలదు. కురుమే కాసురిని జపాను ప్రభుత్వం 1957లో జాతీయ సాంస్కృతిక సంపదగా గుర్తించింది. నూలును చేతితో కట్టాలి, సహజమైన నీలిలో అద్దాలి, నాడెను చేతితో విసరి నేయాలి అని నియమం. యంత్రంలోకి నడిచివెళ్ళిన విద్య లోకమంతా తిరుగుతున్నది. చేతిలోనే మిగిలిన విద్యకు గౌరవం ఉన్నా, దానిని నేర్చే చేతులు తగ్గిపోతున్నవి. బిరుదు మాత్రమే మగ్గాన్ని ఆడించలేదు. కొని కట్టుకొనేవారుంటేనే అది ఆడుతుంది.

మన విషయమూ ఇంతే. పోచంపల్లి బొమ్మను మిల్లు గుడ్డపై అచ్చువేసి చౌకగా అమ్మడం అంగళ్ళలో చూస్తూనే ఉన్నాము. గృహిణులకు ఒక్క మనవి. ఈసారి చీర ఎంచుకొనేటప్పుడు దానిని తిరగవేసి చూడండి. అచ్చు గుడ్డకు వెనుకవైపు రంగు వెలవెలబోతుంది. పోగులోనే బొమ్మ ఉన్న చీరకు రెండు వైపులా ఒకే నిండుదనం, బొమ్మ అంచులలో సన్నని చెదురు కనబడతాయి. ఆ చెదురు లోపం కాదు. ముడివేసిన చేతి సంతకం.