లెక్కల పుస్తకమునకు దుబాసి
కంప్యూటరులో అనుసంధాన సాఫ్ట్‌వేరు నెలకొల్పు విధము

పూర్వము మచిలీపట్టణము వంటి రేవులలో విదేశీ వర్తకులకును, మన నేతగాండ్రకును నడుమ దుబాసీలు ఉండెడివారు. ఒకరి మాట ఒకరికి తెలియనిచోట, ఇరువురి భాషలు నెరిగిన దుబాసి బేరము కుదిర్చెడివాడు. నేడు కంప్యూటరులో దాచిన పంచాయతీ లెక్కలను చదువుటకు కూడ అట్టి దుబాసి యొకడు కావలసియున్నాడు. అది మనిషి కాదు, ఒక చిన్న సాఫ్ట్‌వేరు. దానిని డ్రైవరు అందురు. దానిని నెలకొల్పు విధమును, అందు సభ్యులు గమనింపవలసిన విషయములను ఈ వ్యాసమున వివరించుచున్నాము.

దీని అవసరమేమి?

ఇంటిపన్ను డిమాండు, వసూలు, బకాయి మున్నగు వివరములను పట్టికలుగా భద్రపరచి, అడిగిన వెంటనే తీసియిచ్చు సాఫ్ట్‌వేరునకు డేటాబేసు అని పేరు. పట్టికల రూపమున సమాచారము నుంచు ఈ పద్ధతిని 1970లో ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. కాని సభ్యులకు అలవాటైనది ఎక్సెల్ పట్టిక. ఎక్సెల్ అడుగు తీరు వేరు, డేటాబేసు బదులు చెప్పు తీరు వేరు. ఈ చిక్కును తీర్చుటకై 1992లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఓ.డి.బి.సి. అను ఉమ్మడి పద్ధతిని వెలువరించినది. ఈ పద్ధతిలో ప్రతి డేటాబేసునకు దాని డ్రైవరు ఒకటి ఉండును. డ్రైవరు నెలకొల్పినచో, ఈ పద్ధతి నెరిగిన ఏ సాఫ్ట్‌వేరైనను ఆ డేటాబేసును చదువగలదు.

ఇది లేనిచోట గుమాస్తా అంకెలను చూచి చేతితో తిరిగి ఎక్కింపవలెను. ఒక్క సున్న తప్పినచో పన్ను చెల్లించినవాడు బకాయిదారుడగును. అనుసంధానము ఉన్నచో ఏ వార్డులో ఎంత బకాయి కలదో సమావేశమునాడే సరియైన లెక్క చూపవచ్చును.

2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ వంటివి ఇంటర్నెట్టు బ్రౌజరు ద్వారా నడచును గనుక, వాటికై పంచాయతీ కంప్యూటరున ఈ డ్రైవరు అక్కరలేదు. పంచాయతీ తన రిజిస్టరును స్వంతముగా డేటాబేసులో ఉంచుకొన్నచోటనే దీని పని.

నెలకొల్పు క్రమము

ఉచితముగా లభించు పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసును ఉదాహరణగా తీసికొందము. విండోస్ గల కంప్యూటరున పని ఈ క్రమమున సాగవలెను.

మొదట ఎక్సెల్ 32 బిట్లదో, 64 బిట్లదో తెలిసికొనవలెను. ఎక్సెల్‌లో ఫైల్, అకౌంట్, అబౌట్ ఎక్సెల్ అను చోట్లను వరుసగా తెరచినచో ఇది కనబడును. డ్రైవరు ఎక్సెల్‌తో సరిపోవలెను గాని విండోస్‌తో కాదు. విండోస్ 64 బిట్లదైనను, ఎక్సెల్ 32 బిట్లదైనచో 32 బిట్ల డ్రైవరే కావలెను. పని చెడుటకు ఈ పొరపాటు తరచు కారణమగుచుండును.

రెండవది, డ్రైవరును పోస్ట్‌గ్రెస్ వారి అధికార స్థానమునుండియే తీసికొనవలెను. ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవునుండి ఎక్కింపరాదు. దీనిని నెలకొల్పుటకు కంప్యూటరుపై నిర్వాహకుని అధికారము అవసరము.

మూడవది, విండోస్‌లో ఓ.డి.బి.సి. డేటా సోర్సెస్ అను సాధనమును తెరువవలెను. 64 బిట్ల విండోస్‌లో ఇట్టివి రెండుండును. డ్రైవరునకు తగినదానినే ఎన్నుకొనవలెను. యూజర్ డి.ఎస్.ఎన్. అను చోట నమోదు చేసినచో, చేసినవారికి మాత్రమే కనబడును, సిస్టమ్ డి.ఎస్.ఎన్. అను చోట చేసినచో ఆ కంప్యూటరును వాడువారందరికి కనబడును.

నాల్గవది, డ్రైవరును ఎన్నుకొనుట. ఇచట యూనికోడ్, ఆన్సీ అని రెండు పేర్లు కనబడును. యూనికోడ్‌నే ఎన్నుకొనవలెను. ప్రపంచమందలి అనేక లిపులకు స్థానమిచ్చిన ఈ ఏర్పాటులో తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడియున్నవి. రెండవదానిని ఎన్నుకొన్నచో తెలుగు పేర్లు ప్రశ్నార్థక చిహ్నములుగా మారవచ్చును. పేరు చెడిన పట్టికతో నోటీసు ఎవరికిత్తుము, రసీదు ఎవరి పేర వ్రాయుదుము?

ఐదవది, డేటాబేసు పేరు, అది ఉన్న యంత్రము, ద్వారము సంఖ్య, వాడుకరి పేరు, పాస్‌వర్డు నింపవలెను. పోస్ట్‌గ్రెస్‌కు వాడుకలోనున్న ద్వారము సంఖ్య 5432. డేటాబేసు వేరొక యంత్రమున ఉన్నచో, దాని నిర్వాహకుడు మన కంప్యూటరునకు ముందుగా ప్రవేశమిచ్చియుండవలెను. పిమ్మట టెస్ట్ అను మీటను నొక్కి అనుసంధానము కుదిరినదో లేదో చూడవలెను.

చివరకు ఎక్సెల్‌లో డేటా, గెట్ డేటా అను చోట్ల ఓ.డి.బి.సి.ని ఎన్నుకొని కావలసిన పట్టికను రప్పించుకొనవచ్చును. తరువాత రిఫ్రెష్ నొక్కినపుడెల్ల క్రొత్త అంకెలు వచ్చును.

కాపాడుకొనవలసినది

తాళము ఎవరి చేతనున్నదో యెరుగక కొట్టు తెరచి ఉంచు గృహస్థుడుండడు. లెక్కలు చదువువారికి చదువు అధికారము మాత్రమే ఇచ్చి, మార్చు అధికారము ఇయ్యకుండుట ఉత్తమము. ఈ కట్టుబాటు డేటాబేసులోనే చేయవలెను. నిర్వాహకుని పాస్‌వర్డును ఎక్సెల్ పనికి వాడరాదు, గోడపై వ్రాసి అంటింపరాదు. ఎక్సెల్‌లోనికి వచ్చినది గ్రామస్థుల వివరముల నకలు గనుక దానిని ఫోనులలో పంచిపెట్టరాదు. ప్రజల వ్యక్తిగత వివరముల రక్షణకై పార్లమెంటు 2023లో చట్టము చేసియున్నది.

సభ్యుల బాధ్యత

సభ్యులు ఈ పనిని స్వయముగా చేయనక్కరలేదు. సరియైన ప్రశ్నలు అడిగిన చాలును. రిజిస్టరును కంప్యూటరున ఎక్కించు ఒప్పందము కుదుర్చుకొనునపుడే, అది ఓ.డి.బి.సి. ద్వారా చదువ వీలగునా, తెలుగు పేర్లు చెడకుండ వచ్చునా, డేటాబేసు పాస్‌వర్డు పంచాయతీ అధీనమున ఉండునా అని అడిగి, సమాధానములను వ్రాతమూలకముగా తీసికొనవలెను. ఈ మూడును లేనిచో, సాఫ్ట్‌వేరు అమ్మినవాడు వెడలిపోయిన నాడు ఊరి లెక్కలు ఊరివారికే అందకపోవును. సొమ్ము చెల్లించుటకు ముందే, పదిమంది ఇంటిపన్ను వివరములను ఎక్సెల్‌లోనికి రప్పించి, పాత పుస్తకముతో సరిచూపుమని కోరవలెను. పేరును, అంకెయు రెండును సరిపోయిననాడే పని ముగిసినట్లు తీర్మానము చేయవలెను.