నలభై దాటిన మన నడుము

ఆరోగ్యమే మహాభాగ్యమన్న మాట మన ఇళ్ళలో అందరికీ కంఠతా వచ్చినదే. ఆ భాగ్యాన్ని నలభై, అరవై ఏళ్ళ మధ్య మనం ఎలా చేజార్చుకుంటున్నామో, ఎలా నిలుపుకోవచ్చునో ఈ వ్యాసంలో ముచ్చటించుకుందాము. నాజూకుగా కనబడాలన్న సరదా కోసం కాదు. గుండె, కళ్ళు, మోకాళ్ళు, మూత్రపిండాలు చివరిదాకా మనకు తోడుండాలన్న కోరికతో.

2023లో మలేసియా ప్రభుత్వం జరిపిన జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ దేశపు పెద్దలలో నూటికి 54 మందికి పైగా ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు. నూటికి 15 మందికి పైగా మధుమేహం ఉన్నది. 2019 సర్వేలో జాతులవారీగా లెక్క తీసినప్పుడు మధుమేహం అందరికంటే ఎక్కువగా కనబడినది భారతీయ సంతతిలోనే. ఆ లెక్కలో మన తెలుగువారమూ ఉన్నాము. వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వెళ్ళి వచ్చే పెద్దమ్మో, మేనమామో మన కుటుంబాలలో ఎందరికో ఉన్నారు. కనుక ఇది పక్కింటి సంగతి కాదు.

తోటలో తిన్నది తోటలోనే కరిగింది

మన తాతలు బాగన్ దాతో కొబ్బరి తోటలలోను, పేరాక్, కెడా రాష్ట్రాల రబ్బరు తోటలలోను పని చేశారు. తెల్లవారకముందే లేచి, చెట్టు చెట్టుకూ వంగి గీత పెట్టి, కారిన పాలు పోగుచేసి, నిండు బకెట్లు మోసుకుంటూ నడిచారు. కొబ్బరి తోటలవారు కాయలు దించడం, ఒలవడం, మోయడం చేశారు. పెద్ద గిన్నెడు అన్నం, చారు, ఎండుచేప, పెరటి ఆకుకూర, చక్కెర వేసిన టీ వారి ఆహారం. అంత అన్నం తిన్నా వారిలో పొట్టలు పెరిగినవారు తక్కువ. వారికి పథ్యం తెలిసి కాదు, తిన్నదంతా మధ్యాహ్నానికే చెమటైపోయింది గనుక.

ఆ రోజులే బంగారమని మేము అనడం లేదు. మలేరియా, రక్తహీనత, కల్లు దుకాణం ఆ తోటలలో ఎందరి ప్రాణాలు తీశాయో పెద్దలు చెప్పగా విన్నాము. చెప్పదలచినది ఒక్కటే. తోటలు అమ్ముడుపోయి, కుటుంబాలు పట్టణాలు చేరి, పిల్లలు చదువుకుని కుర్చీ ఉద్యోగాలలో కుదిరారు. ఇది సంతోషించవలసిన మార్పే. కాని ఒంటికి పని పోయినా, తాత తిన్న అన్నపు కొలత మాత్రం మన పళ్ళెంలో అలాగే నిలిచిపోయింది. దానిపైన రొట్టి చనాయ్, నాసి లెమాక్, తే తారిక్ వచ్చి చేరాయి.

తప్పు వయసుదేనా?

"నలభై దాటితే ఒళ్ళు రావడం సహజం, జఠరాగ్ని మందగిస్తుంది" అని మనలో చాలామంది సరిపెట్టుకుంటారు. 2021లో 29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా మనుషుల లెక్కలు తీసి శాస్త్రజ్ఞులు ఒక విషయం ప్రకటించారు. శరీర పరిమాణాన్ని బట్టి చూస్తే, ఇరవై ఏళ్ళ నుంచి అరవై ఏళ్ళ దాకా మన ఒంట్లో శక్తి ఖర్చయ్యే తీరు దాదాపు ఒకే విధంగా ఉంటుంది. నిజమైన తగ్గుదల అరవై తరువాతనే. అంటే నడివయసు పొట్టకు వయసును ఒక్కదానినే నిందించడం న్యాయం కాదు. కదలిక తగ్గడం, నిద్ర తగ్గడం, వాడకపోవడం వల్ల కండ కరగడం, వీటి పాలు పెద్దది. స్త్రీలలో ముట్లుడిగే కాలంలో కొవ్వు తుంటి నుంచి పొట్టకు చేరే మాట నిజమే. అయినా అక్కడ కూడా కదలిక, మితాహారం పనిచేస్తాయి.

మన శరీరతత్వం విషయంలో ఇంకొక మెలిక ఉన్నది. 2004లో పూనాకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ తమ ఫోటోను ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. ఇద్దరి ఎత్తు, బరువుల నిష్పత్తి ఒకటే, 22.3. చూడడానికి ఇద్దరూ సన్ననివారే. కాని యుడ్కిన్ ఒంట్లో కొవ్వు నూటికి 9 పాళ్ళయితే, యాజ్ఞిక్ ఒంట్లో 21 పాళ్ళు! భారతీయులలో సన్నగా కనబడేవారికి కూడా లోపల కొవ్వు ఎక్కువగా ఉండవచ్చునని ఆ ఫోటో చెబుతుంది. అందుచేత "నాకేం, నేను సన్నమే" అని నిబ్బరంగా ఉండరాదు.

కొలవవలసినది ఏది?

ఇంట్లో ఉన్న బట్టల టేపు చాలు. ఊపిరి మెల్లగా వదిలి, చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్య నడుము చుట్టూ కొలవండి. పొట్ట లోపలికి లాక్కుని మనలను మనమే మోసపుచ్చుకోరాదు. ఆసియా వాసులకు పెట్టిన హద్దు పురుషులకు 90 సెంటీమీటర్లు, అనగా సుమారు 35న్నర అంగుళాలు. స్త్రీలకు 80, అనగా సుమారు 31న్నర అంగుళాలు. అది దాటితే జాగ్రత్తపడాలి. బరువు విషయంలో కూడా ఈ దేశపు వైద్యులు మనకు పాశ్చాత్యులకంటే తక్కువ హద్దు పెట్టారు. ఎత్తు, బరువుల నిష్పత్తి 23 చేరితే అధిక బరువు, 27.5 చేరితే స్థూలకాయం. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి 23 అంటే సుమారు 62న్నర కిలోలు.

పళ్ళెం ఎలా ఉండాలి?

మలేసియా ఆరోగ్య శాఖవారు "సుకు సుకు సెపారుహ్" అని ఒక చక్కని సూత్రం చెప్పారు. పళ్ళెంలో పావు భాగం అన్నం, పావు భాగం పప్పు, చేప, కోడి, గుడ్డు వంటివి, మిగిలిన సగం కూరలు, పండ్లు. మన పళ్ళెం చూసుకుంటే అన్నం ముప్పావు, కూర నంజుడికి మాత్రమే! అన్నం మానమని ఎవరూ అనడం లేదు. మొదట కూర, పప్పు వడ్డించుకుని, ఆ తరువాత మిగిలిన చోట అన్నం పెట్టుకుంటే కొలత తనంతట తానే తగ్గుతుంది. మునగాకు, తూటికూర, బెండకాయ, కెంబుంగ్ చేప, నెత్తళ్ళు, తెంపె అన్నీ ఇక్కడి సంతలో దొరికేవే. ఖరీదైన డబ్బా పొడులు అక్కరలేదు.

టీ సంగతి చూడండి. రెండు పెద్ద చెంచాల తీపి చిక్కపాలలో సుమారు 22 గ్రాముల చక్కెర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు మేలని చెబుతున్నది. ఉదయం ఒక తే తారిక్, సాయంత్రం ఒకటి తాగితే హద్దు ఏనాడో దాటిపోయింది. దుకాణంలో "కురాంగ్ మానిస్" అని అడగండి. నెల తరువాత "తే ఓ కొసొంగ్" అనడం కష్టం కాదు. నాలుక కొద్ది వారాలలో అలవాటు పడుతుంది.

నూనె విషయంలో మనవంటి తోట కూలీల సంతతి ఎందరో ఉన్న మారిషస్ అనుభవం చూడదగినది. 1987లో అక్కడి ప్రభుత్వం చౌక ధరకు ఇచ్చే నూనెలో పామాయిల్‌కు బదులు సోయా నూనె పెట్టింది. అయిదేళ్ళలో ప్రజల రక్తంలో కొలెస్టరాల్ బాగా తగ్గింది. కాని అదే కాలంలో స్థూలకాయం పెరిగింది. నూనె రకం మారిస్తే రక్తనాళాలకు మేలే, నడుము తగ్గాలంటే మాత్రం కొలత కూడా తగ్గాలి. ఏ నూనె అయినా పెద్ద చెంచాడు సుమారు 120 కేలరీలు.

మన ఇల్లాండ్రకు ఒక ప్రత్యేక మనవి. పిల్లలు వదిలిన ముద్ద, గిన్నె అడుగున మిగిలిన కూర పారేయడానికి చేతులు రాక తినే అలవాటు చాలామందిలో ఉన్నది. మిగిలినది దాచుకోవడానికి ఫ్రిజ్ ఉన్నది, మన కడుపు కాదు.

నడక, బరువు మోత

వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవాలి. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండాలి, అదే తగిన వేగం. దానితోపాటు వారానికి రెండు రోజులు కండలకు పని చెప్పాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, నీళ్ళ సీసాలు రెండు చేతులతో ఎత్తడం, గోడకు చేతులానించి తోయడం చాలు. తోటలో మన అవ్వలు రోజంతా చేసిన పని ఇదే కదా!

ఇది వట్టి మాట కాదు. మధుమేహం అంచున ఉన్నవారు బరువులో నూటికి 7 పాళ్ళు తగ్గి, వారానికి 150 నిమిషాలు కదలడం లక్ష్యంగా పెట్టుకుంటే, వ్యాధి బారిన పడడం 58 శాతం తగ్గిందని 2002లో అమెరికాలో తేలింది. 2006లో వెలువడిన మన భారతదేశపు పరిశోధనలో బరువు అంతగా తగ్గకపోయినా, అలవాట్లు మార్చుకున్నవారికి ఆ ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది. కనుక తూకపు ముల్లు కదలలేదని నిరాశ పడకండి. లోపల మేలు జరుగుతూనే ఉంటుంది.

కొన్ని హెచ్చరికలు

నెలకు పది కిలోలు తగ్గిస్తామనే మాత్రలు, టీ పొడులు కొనకండి. అటువంటి కొన్నిటిలో గుండెకు ముప్పు తెచ్చే సిబుట్రమిన్ అనే మందు రహస్యంగా కలిపినట్లు పరీక్షలలో బయటపడింది. చక్కెర వ్యాధికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు వైద్యుని అడగకుండా ఉపవాసాలు చేయరాదు. నడుస్తుండగా ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, చల్లని చెమట కనబడితే "గ్యాస్" అనుకుని ఇంట్లో కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

నలభై దాటిన ప్రతివారూ ఏడాదికొకసారి రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ చూపించుకోవాలి. ప్రభుత్వ క్లినిక్‌లో ఖర్చు బహు స్వల్పం. అల్పాదాయ కుటుంబాలవారికి నలభై ఏళ్ళ నుంచి ఉచిత పరీక్షలు చేయించే పెకా బి40 పథకం 2019లో మొదలైంది. అడిగి తెలుసుకోండి, పక్కింటివారికీ చెప్పండి.

చివరిగా ఒక్క మాట. అతిథి పళ్ళెం ఖాళీగా కనబడితే మన చేయి ఊరుకోదు. "ఇంకొంచెం వేసుకోండి, మా మీద ఒట్టు" అంటాము. ఆకలి తెలిసిన తాతముత్తాతల నుంచి వచ్చిన ప్రేమ అది, దానిని వదులుకోనక్కరలేదు. వచ్చే ఉగాది విందులో రెండో గరిటె అన్నం బదులు రెండో గరిటె కూర వడ్డిద్దాము, తీపి పానీయం పక్కన మంచినీళ్ళ కూజా పెడదాము, భోజనం తరువాత పిల్లలను వెంటబెట్టుకుని నాలుగు వీధులు నడిచి వద్దాము. మన ప్రేమ అతిథి పళ్ళెంలోనే కాదు, అతని ఆయుష్షులో కూడా కనబడాలి.