ఊరికి కమ్యూనిటీ హాలు కావాలంటే ముందు ఏం చేయాల?

నంద్యాల జిల్లా ఉయ్యాలవాడ లాంటి ఊర్లలో కమ్యూనిటీ హాలు కట్టుకోవాలంటే ఏం చేయాలో ఈరోజు ఎపిసోడ్‌లో చూద్దాం.

రచ్చకట్ట ఉంది కదా అంటారు. వానొస్తే అక్కడ మీటింగు జరగదు. పెండ్లి చేయాలంటే లేనోళ్లు టౌన్లో మండపం బాడుగకు అప్పు చేయాల. అందుకే హాలు అడుగుతారు.

చాలామంది ముందు డబ్బు కోసం తిరుగుతారు. మొదట తేలాల్సింది స్థలం. ఎంపీ లాడ్స్ పథకం 1993లో మొదలైంది. ఇప్పుడు ఒక్కో ఎంపీ ఏడాదికి 5 కోట్ల రూపాయల పనులు సిఫారసు చేయొచ్చు. మంజూరు చేసేది మాత్రం జిల్లా యంత్రాంగం. గుడి, మసీదు, చర్చి స్థలాల్లో పనులకు ఈ నిధులు ఇవ్వరు. ఒకరి సొంత ఆస్తికీ ఇవ్వరు.

కాబట్టి పంచాయతీ పేరు మీద రికార్డుల్లో ఉన్న స్థలం చూసుకోండి. దాత ఇస్తే నోటిమాటతో వదిలేయొద్దు, రిజిస్టర్ చేయించండి. లేకుంటే రేపు వారసులు అడ్డం తిరగొచ్చు. గ్రామసభలో తీర్మానం చేసి అర్జీకి జతచేయండి.

ఇంకొకటి, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఎస్సీ కాలనీ వాళ్లు కూడా అదే బాడుగకు, అదే హాల్లో పెండ్లి చేసుకోగలిగితేనే అది ఊరి హాలు. బాడుగ ఎంత, కరెంటు బిల్లు ఎవరు కట్టాల, ఊడ్చేదెవరు, ఇవన్నీ కట్టకముందే రాసిపెట్టుకోండి.

1866 కరువులో ఆకలితో వచ్చినోళ్లకు అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి గారిది ఈ ఉయ్యాలవాడే. ఆ ఊరి హాలుకు తలుపులు అందరికీ తెరిచి ఉండాల. మీ ఊర్లో తాళంచెవి ఎవరి దగ్గరుందో కామెంట్లో చెప్పండి.