తోడువచ్చినవారి పని

డుంబ్రిగుడ మండలములోని ఏదో ఒక కొండపల్లె నుండి జ్వరముతో వణకుచున్న రోగిని డోలీ కట్టి మోసికొని, బండి వచ్చు బాట వరకు చేర్చి, అచ్చట 108 ఎక్కించి అరకు ఆసుపత్రికిని, అక్కడ వీలుకాదన్నచో అనంతగిరి ఘాటు దిగి శృంగవరపుకోట మీదుగా విశాఖపట్టణమునకును కొనిపోవు బంధువులు, క్యాజువాల్టీ గుమ్మము దాటగనే తమ పని తీరినదనియు, ఇక భారమంతయు డాక్టర్లదే యనియు తలచి గోడవార కూలబడుట సహజము. నూరు కిలోమీటర్లకు మించిన దారి. ఆ అలసటను తప్పుపట్టువాడెవడు? అయినను ఆ రోగి కేన్సరునకు కీమో చేయించుకొనుచున్నయెడల, తోడువచ్చినవారి అసలు పని ఆ గుమ్మము కడనే మొదలగును. అది నోటితో చేయవలసిన పని.

కీమో ఎక్కించి నేటికెన్ని దినములు, జ్వరమెప్పుడు పట్టినది, ఎంత చూపినది: ఊరిపేరు కంటె, వెనుకటి వైద్యుని కథ కంటె ముందుగా ఈ మూడు మాటలు చెప్పవలెను. ఏలయన, ఎముకల లోపలి మూలుగ దినమునకు దాదాపు పదివేల కోట్ల న్యూట్రోఫిల్ కణములను పుట్టించుచుండును. రక్తములోనికి వచ్చిన పిమ్మట వాటి ఆయువు మిక్కిలి స్వల్పము గనుక, ఉత్పత్తి కొన్ని దినములు కుంటుపడినచో నిల్వ తరిగిపోవును. కీమో మందు వేగముగా విభజన చెందు కణములనెల్ల దెబ్బతీయును. అది కేన్సరు కణమా, మూలుగ కణమా యని విచారింపదు. తరచుగా మందెక్కిన ఏడవ దినమునకును పదునాలుగవ దినమునకును నడుమ, ఆరోగ్యవంతుని రక్తములో మైక్రోలీటరునకు రెండువేలకు తక్కువ కాకుండ ఉండవలసిన ఆ కణములు 500 కంటెను దిగజారవచ్చును. అప్పుడు చిరకాలముగా నోటిలోను ప్రేవులలోను అపకారము చేయక పడియున్న సూక్ష్మజీవులే రక్తములో జొరబడును.

ఇందులో ఇంకొక చిక్కు కలదు. చీమనునది చాలవరకు చచ్చిన తెల్లకణముల ముద్దయే. ఆ కణములే కరవైనవానికి పుండు చీము పట్టదు, వాపు ఎక్కువ కానరాదు, ఊపిరితిత్తులకు వ్యాధి సోకినను కఫము పడకపోవచ్చును. పైకి కనిపించు సాక్ష్యము పెక్కుమారులు జ్వరమొక్కటే. 100.4 డిగ్రీలు తాకిన జ్వరమును డాక్టర్లు అత్యవసరముగా నెంచి, కల్చరుకు రక్తము తీసి, గంటలోపుగా నరములోనికి యాంటీబయాటిక్ ఎక్కింపవలెనని నియమము పెట్టుకొన్నది అందుచేతనే. పల్లెలో డాక్టరు నడుగక ముందే మింగిన పారాసిటమాల్ బిళ్ళ ఆ ఒక్క సాక్ష్యమును గూడ కప్పిపుచ్చగలదు. మింగియున్నచో, ఎప్పుడు మింగినదియు దాచక చెప్పవలెను. ఇక ఆ గంట యనగా ఆసుపత్రి చేరిన పిమ్మటి గంట. డోలీ మీదను ఘాటుమలుపులలోను గడచిన గంటలకు ఏ నియమములోను లెక్క లేదు.

క్యాజువాల్టీలో ముందు వచ్చినవానికి ముందు వైద్యము జరుగదు. నెపోలియన్ సేనలో శస్త్రవైద్యుడైన లారే, క్షతగాత్రుడు సేనానియా, సిపాయియా యని చూడక, గాయపు తీవ్రతను బట్టి వరుస నిర్ణయించెను. నేటి అత్యవసర విభాగములు ఆ న్యాయమునే పాటించుచున్నవి. న్యాయము మంచిదే. కాని రక్తమోడుచున్న బైకు ప్రమాదము ప్రక్కను, గుండెనొప్పితో చెమటలు గ్రమ్మిన పెద్దమనిషి ప్రక్కను, తన కాళ్ళపై నడచివచ్చి బల్లమీద కూర్చున్న కీమో రోగి వట్టి జ్వరపు రోగిగా కనబడి వరుసలో వెనుకబడును. అతని ప్రమాదము కంటికి కానరానిది గనుక, దానిని చెవికి వినిపింపవలసిన బాధ్యత తోడువచ్చినవానిది.

ఉత్తరాంధ్రమున ఈ బాధ్యత మరింత బరువైనది. నిప్పుకొన నోటిలోనికి పెట్టుకొని అడ్డచుట్ట కాల్చు అలవాటు ఇచ్చటి స్త్రీలలో తరతరములుగా నున్నది. దానివలన అంగిలికి కేన్సరు వచ్చుచున్నదని విశాఖపట్టణపు వైద్యులు 1950 దశకముననే వ్రాసిరి. పిమ్మట పిండ్‌బోర్గ్ అను పరిశోధకుని బృందము శ్రీకాకుళం జిల్లా పల్లెలలో పదివేలమందికి పైగా నోళ్ళు పరీక్షించి తమ పరిశోధనను 1971లో ప్రకటించెను. నోటికే వ్యాధి వచ్చి, రేడియేషనుతో నోరు పూసిపోయిన అవ్వ తన బాధను తాను చెప్పుకొనలేదు. చెప్పగలిగినను ఆమె పలుకునది ఆదివాసీ ఒడియాయో, కువియో. తెలుగు వచ్చిన మనుమడు ప్రక్కను లేనిచో కేసుషీటులో ఏమి చేరునో ఊహింపవచ్చును.

అందుకే, “అటెండెంట్లు బయటికి నడవండి!” అని సెక్యూరిటీవాడు కేకవేసినప్పుడెల్ల నాకు మనసొప్పదు. గుంపును తగ్గింపవలసినదే, రోగనిరోధకశక్తి ఉడిగినవాని చుట్టు పదిమంది దగ్గుచు నిలుచుట కంటె కీడు లేదు. కాని మంచము కడ ఒక్కడైనను ఉండవలెను, వానికి మాస్కు ఉండవలెను. డ్యూటీలు మారుచుండును, సాయంకాలము చూచిన డాక్టరు రాత్రి ఉండడు, రాత్రి సూదివేసిన నర్సు తెల్లవారి కానరాదు, అడిగిన ప్రశ్ననే ముగ్గురు అడుగుదురు. విసుగు చెందక ముగ్గురకును ఒక్క తీరుగా చెప్పవలెను. ఆ సుదీర్ఘకాలమంతయు కదలక నిలుచునది తోడువచ్చిన మనిషియు, అతని చేతిలోని ప్లాస్టిక్ కవరును మాత్రమే. ఆ కవరులో డిశ్చార్జి సమ్మరీ, కీమో చీటీ, కడపటి రక్తపరీక్ష, ఆధారు, రేషను కార్డు పైపైననే యుండవలెను. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్యసేవ యనబడు పథకము పని ఆరోగ్యమిత్ర బల్లకడ జరుగును. విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రి (కేజీహెచ్)లో గిరిజనులకు సాయపడుటకు ఎస్టీ సెల్ కలదు. ఈ తిరుగుళ్ళకు రెండవ మనిషి వెళ్ళవలెనే గాని, మంచము కడనున్నవాడు లేవరాదు.

రాత్రి రెండవ జామున ఈ కాపలా విలువ తెలియును. మందు ఎక్కినది, సెలైను పడుచున్నది, పడక ఇంకను దొరకలేదు; స్ట్రెచరు ప్రక్కను ఆనపకాయ బుర్రలో ఇంటినుండి తెచ్చిన చోడి అంబలి అట్లే యున్నది. అంతవరకు మాటాడుచున్న అవ్వ పొంతనలేని మాటలాడుట, ఊపిరి వడిపడుట, చేతులు చల్లబడుట, మూత్రము గంటలకొలది రాకుండుట కనిపెట్టినచో, తెల్లవారనిమ్మని ఊరకుండక నర్సును పిలువవలెను. రక్తములో విషమెక్కుచున్నదనుటకు అవి గురుతులు. ఆమె నిత్యపు తీరెరిగిన మనుమడు యంత్రము కంటె ముందుగా పోల్చగలడు.

కల్చరు ఫలితమునకు రెండు దినములు పట్టవచ్చును. జ్వరము దిగి, కణములు తేరుకొన్న పిమ్మట ఇంటికి పంపుదురు. ఆ దినమున కవరు సర్దుకొని బస్సువేళ చూచుకొనుటకు ముందు డాక్టరును రెండు ప్రశ్నలడుగవలెను: రాబోవు కీమోకు మోతాదు తగ్గింతురా, లేక మూలుగను పురికొల్పు సూదిమందు వేయుదురా; కణములు అడుగంటు దినములు ఈ మారు ఏ తేదీలలో పడును. ఆ తేదీలలో కొండమీదికి పోక, ఘాటు దిగువన శృంగవరపుకోటలోనో విశాఖలోనో తలదాచుకొనుటకు చుట్టమిల్లొకటి ముందుగానే మాటాడుకొనవచ్చును.