పిలుపు ఆగిపోయిందా? కతోలిక గురువుల కొరతపై అపోహలు – వాస్తవాలు

ఐరోపాలో ఫలానా సెమినరీ మూతపడిందన్న వార్త వచ్చినప్పుడల్లా మన దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి. ఇక కతోలిక సభకు గురువులే ఉండరని ఒకరంటారు. మన తెలుగు విచారణలకు మాత్రం ఆ బెంగ లేదని మరొకరంటారు. గురువు కావాలనుకునే కుర్రాడి గురించి, అతణ్ని పంపే ఇంటి గురించి, పదేళ్లు దాటి సాగే శిక్షణ గురించి ఆలోచించకుండా అనేసే మాటలివి. కొరత నిజమే. దానికి మనం చెప్పుకునే కారణాల్లో చాలావరకు నిలబడవు. కారణం పట్టుకోవడంలో తప్పితే, దిద్దుకోవడంలోనూ తప్పుతాం. అందుకే ఈ మాటలను ఒక్కొక్కటిగా విప్పి చూడాలనిపించింది.

అపోహ: ప్రపంచమంతటా గురువులు అంతరించిపోతున్నారు.

1970లో ప్రపంచంలోని కతోలిక గురువులు సుమారు 4 లక్షల 20 వేల మంది. 2022 చివరి లెక్క ప్రకారం 4 లక్షల 7 వేల పైచిలుకు. యాభై ఏళ్లలో తగ్గింది మూడు శాతమే. అయితే అదే కాలంలో కతోలికులు 65 కోట్ల నుంచి 139 కోట్లకు పెరిగారు. అప్పట్లో ఒక గురువు పదిహేను, పదహారు వందల మందిని చూసుకుంటే సరిపోయేది. ఇప్పుడు మూడు వేల నాలుగు వందల మందిని చూసుకోవాలి. దివ్యపూజ, పాపసంకీర్తనం, మంచాన పడ్డవారికి అవస్థాభ్యంగం, ఇవేవీ మరొకరు చేయలేనివి. ఆదివారం మూడు ఊళ్లలో పూజ చెప్పి, మధ్యాహ్నం రెండింటికి కంచం ముందు కూర్చునే గురువుకు ఈ లెక్క ఎవరూ వివరించనక్కర్లేదు.

ఈ తగ్గుదల అన్నిచోట్లా ఒకే తీరుగా లేదు. ఐరోపాలో పడిపోయిన సంఖ్యను ఆఫ్రికా, ఆసియా చాలావరకు భర్తీ చేశాయి. పెద్ద సెమినరీల్లో చదివేవారు 2011లో లక్షా 20 వేలు ఉండగా 2022 నాటికి లక్షా 8 వేలకు తగ్గారు. ఆఫ్రికాలో మాత్రం ఇంకా పెరుగుతున్నారు. ఆసియాలో పెరుగుదల ఆగి, ఇటీవల కొద్దిగా తరుగుదల మొదలైంది. మన దగ్గర గమనించాల్సిన సంగతి ఇది. దీన్ని చాలామంది గమనించడం లేదు.

పాత అంకెలను పోల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. 1960ల అమెరికా సెమినరీలు కిటకిటలాడాయని చెబుతారు. ఆ సంఖ్యలో హైస్కూలు పిల్లలు పదిహేను వేల మందికి పైగా ఉన్నారు. పద్నాలుగేళ్ల కుర్రాణ్నీ, డిగ్రీ పూర్తిచేసి ఆలోచించుకుని వచ్చిన యువకుణ్నీ ఒకే లెక్కలో వేసి, ఇప్పటితో పోల్చి కన్నీళ్లు పెట్టుకోవడం సరికాదు.

అపోహ: పూర్వం ఎప్పుడూ గురువులు కావలసినంత మంది ఉండేవారు, విశ్వాసం సన్నగిల్లి ఇప్పుడు తగ్గారు.

దీనికి ఐర్లండ్ కంటే మంచి సమాధానం లేదు. ‘గురువుల దేశం’గా పేరుబడ్డ ఆ దేశంలో 1840 ప్రాంతంలో సుమారు మూడు వేల మంది కతోలికులకు ఒక గురువు ఉండేవారు. అంటే నేటి ప్రపంచ సగటుకు దగ్గర. 1845లో మొదలైన బంగాళాదుంప కరవులో పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించి వలసపోయారు. బతికినవాళ్లలో భూమి ఉన్న రైతులు దాన్ని ముక్కలు చేయడం మానేశారు. పొలం ఒక్క కొడుక్కే. మిగతావాళ్లు ఓడెక్కి అమెరికా పోవాలి, లేదా చదువుకుని ఏదో ఒక వృత్తి పట్టాలి. ఆ ఇంట ఒక కొడుకు గురువైతే అంతకు మించిన గౌరవం లేదు. జనం తగ్గారు, గురువులు పెరిగారు. 1900 నాటికి తొమ్మిది వందల మందికి ఒక గురువు లెక్కకు వచ్చింది. మిగులు గురువులు అమెరికాకు, ఆస్ట్రేలియాకు, ఆఫ్రికాకు వెళ్లారు.

అంటే మనం ‘పూర్వకాలం’ అనుకునేది నిజానికి నూరేళ్ల ప్రత్యేక పరిస్థితి. విశ్వాసం లేకుండా అదంతా జరగలేదు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ విశ్వాసం ఒక్కటే దాన్ని నడపలేదు. 1967లో ఐర్లండ్ ప్రభుత్వం ఉచిత మాధ్యమిక విద్య తెచ్చింది. పేదింటి పిల్లవాడికి చదువుకునే దారి సెమినరీ గుమ్మం నుంచే పోనక్కర్లేకుండా పోయింది. ఉద్యోగాలు వచ్చాయి. 1960లలో సగటున నలుగురు పిల్లలున్న ఇళ్లలో తర్వాత ఇద్దరు, ఒక్కరు. కార్లో, కిల్కెన్నీ, వెక్స్‌ఫర్డ్, వాటర్‌ఫర్డ్, థర్లెస్, డబ్లిన్‌లోని క్లాన్‌లిఫ్ సెమినరీలు 1993 నుంచి 2002 మధ్య ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. 1795లో స్థాపించిన మేనూత్ సెమినరీ మిగిలింది. అక్కడ 2017లో కొత్తగా చేరినవారు ఆరుగురు.

పిల్లలపై లైంగిక దాడుల కుంభకోణాలే దీనికంతటికీ కారణమన్న మాట కూడా పూర్తిగా సరికాదు. ఐర్లండ్‌లో ఆ దారుణాలను బయటపెట్టిన రయాన్, మర్ఫీ నివేదికలు వచ్చింది 2009లో. సెమినరీల్లో చేరికలు పడిపోవడం అంతకు నలభై ఏళ్ల ముందే మొదలైంది. ఈ నివేదికలు మరోచోట పనిచేశాయి. కొడుకును గురువుగా చూసుకోవాలన్న కోరిక తల్లి మనసులో చచ్చిపోయింది. పిల్లల గాయాలకు సభ జవాబు చెప్పాల్సి ఉంది. అది గురువుల సంఖ్య పెరుగుతుందా తగ్గుతుందా అన్న లెక్కతో ముడిపెట్టాల్సిన విషయం కానే కాదు.

అపోహ: రెండవ వాటికన్ మహాసభే సెమినరీలను ఖాళీ చేసింది.

ఆ మహాసభ 1962 అక్టోబరులో మొదలైంది. ఫ్రాన్స్‌లో ఫాదర్ ఫెర్నాన్ బులార్ గురువుల ఎదుగుదలా, క్షీణతా అన్న ప్రశ్ననే పుస్తకానికి పేరుగా పెట్టి 1950లోనే రాశారు. పల్లెల్లో ఏం జరుగుతోందో ఆయన ఊరూరా లెక్కలు తీసి చూపించారు. మహాసభ తర్వాత వేలమంది గురువులు గురుత్వం వదిలి వెళ్లిన మాట నిజం. ఆ కుదుపును చిన్నదిగా చూపడం నా ఉద్దేశం కాదు. జబ్బు మాత్రం అప్పుడు పుట్టింది కాదు.

అపోహ: పెళ్లికి అనుమతిస్తే కొరత తీరిపోతుంది.

గురువులకు పెళ్లి ఉన్న సభలను చూడండి. జర్మనీ ప్రొటెస్టెంట్ సంఘాల్లో పాస్టర్లకు పెళ్లికి అడ్డు లేదు, మహిళలూ పాస్టర్లవుతారు. అయినా దైవశాస్త్రం చదివేవారు తగ్గిపోయి అక్కడా సంఘాలను కలిపేస్తున్నారు. ఇంకోవైపు, కతోలిక సభలోనే తూర్పు సంప్రదాయానికి చెందిన ఉక్రెయిన్ గ్రీకు కతోలికుల్లో పెళ్లయినవారు గురువులు కావచ్చు. పెళ్లి ముందు జరగాలి, అభిషేకం తర్వాత జరగాలి. గురువయ్యాక పెళ్లి కతోలిక సభలో ఎక్కడా లేదు. బ్రహ్మచర్యం లాటిన్ సభ క్రమశిక్షణే కానీ మార్చరాని విశ్వాస సత్యం కాదు. దాన్ని సడలించాలా వద్దా అన్నది గంభీరమైన చర్చ. 2019లో అమెజాన్ ప్రాంత సినడ్‌లో మేత్రాణులు ఈ ప్రశ్న లేవనెత్తారు, ఫ్రాన్సిస్ పోపు 2020 ఫిబ్రవరిలో ఇచ్చిన సమాధాన లేఖలో దాన్ని తేల్చలేదు. ఆ చర్చ జరగాలి. అంకెలు పెంచే ఉపాయంగా మాత్రం వద్దు. పెళ్లి చేసుకోవడమూ ఒక పిలుపే, దాన్ని కొరత తీర్చే పనిముట్టు చేయడం రెండు పిలుపులకూ అవమానం.

అపోహ: తిండికీ చదువుకూ లేనివాళ్లు సెమినరీలో చేరతారు, నాలుగు ప్రార్థనలు నేర్చుకుని ఫాదర్ అయిపోతారు.

ఈ మాట విన్నప్పుడు నాకు బాధ కలుగుతుంది. మన దగ్గర దారి ఇలా ఉంటుంది: పదో తరగతి, లేకపోతే ఇంటర్ తర్వాత మైనర్ సెమినరీ. తర్వాత డిగ్రీ. ఆపైన తత్వశాస్త్రం. తెలుగు మేత్రాసనాల విద్యార్థులు చాలామంది అది విశాఖపట్నం దగ్గర కొండడాబలో చదువుతారు. మధ్యలో రీజెన్సీ పేరిట ఏదో ఒక విచారణలోనో బడిలోనో ఏడాది పని. తర్వాత హైదరాబాద్ రామంతపూర్‌లోని సెయింట్ జాన్స్ సెమినరీలో దైవశాస్త్రం. ఇంకొందరు పుణేలోని పేపల్ సెమినరీకి వెళ్తారు. అది 1893లో శ్రీలంకలోని కాండీలో మొదలై 1955లో పుణేకు తరలింది. తత్వ, దైవశాస్త్రాలు కలిపి కనీసం ఆరేళ్లు చదవాలన్నది సభ చట్టం. పాతికేళ్లు నిండకుండా గురుపట్టాభిషేకం లేదు.

చదువు ఒక్కటే చూస్తారనుకోవడమూ పొరపాటే. 1992లో రెండవ జాన్ పాల్ పోపు శిక్షణను నాలుగు పాళ్లుగా చెప్పారు: మానవీయం, ఆధ్యాత్మికం, వైజ్ఞానికం, కాపరి సేవ. 2016లో వచ్చిన కొత్త మార్గదర్శకాలు తత్వశాస్త్రానికి ముందే ఒక సన్నాహక దశను తప్పనిసరి చేశాయి. బ్రదర్ అని పిలిచే సెమినరీ విద్యార్థి ఎవరితో ఎలా మాట్లాడతాడు, కోపం వస్తే ఏం చేస్తాడు, డబ్బు చేతికొస్తే లెక్క చెబుతాడా, ఆడవాళ్లతో పిల్లలతో మర్యాదగా ఉంటాడా, ఇవన్నీ ఏటేటా గమనించి రాస్తారు. సెమినరీ అనే వ్యవస్థే నిర్లక్ష్యానికి విరుగుడుగా పుట్టింది. చాలామంది గురువులు సరైన శిక్షణ లేకుండానే అభిషేకం పొందుతున్నారని గ్రహించి ట్రెంట్ మహాసభ 1563లో ప్రతి మేత్రాసనానికీ సెమినరీ ఉండాలని శాసించింది. కొరత పేరు చెప్పి ఈ జల్లెడను వదులు చేస్తే జరిగే నష్టం ఖాళీ గదుల వల్ల జరిగేదానికంటే పెద్దది.

ఇంకో చిన్న సంగతి: మేత్రాసన గురువులు పేదరికపు మాటపట్టు ఇవ్వరు. అది మఠవాస గురువులది. మేత్రాసన గురువు ఇచ్చేవి బ్రహ్మచర్యం, మేత్రాణులకు విధేయత. ఫాదర్‌గారికి బైకు ఎందుకని అడిగేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

అపోహ: తెలుగు నేలకు ఈ కొరత రాదు, మనమే ప్రపంచానికి పంపుతాం.

పంపుతున్న మాట నిజం. 1855లో మిలాన్ నుంచి గురువులు తెలుగు ప్రాంతాలకు వచ్చారు. ఇప్పుడు తెలుగు గురువులు ఇటలీలో, జర్మనీలో, అమెరికాలో విచారణలు నడుపుతున్నారు. 1940లో గుంటూరు మేత్రాసనానికి తొలి మేత్రాణులుగా తెలుగువారైన పోతకమూరి తోమాసు గారు నియమితులయ్యారు. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో తొలి కార్డినల్, భారత దళితుల్లోనూ తొలి కార్డినల్. చదువు, గౌరవం అందని వాడల నుంచి వచ్చిన పిల్లలకు సెమినరీ ఒక తలుపు తెరిచింది. క్రైస్తవులైన దళితులకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా లేకపోయినందున ఆ తలుపుకు ఇంకా విలువ పెరిగింది.

అయితే ఐర్లండ్‌లో జరిగింది ఇక్కడ మొదలైంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటు సంతానం 1.7, తెలంగాణలో 1.8. కేరళలోనూ 1.8. ఎన్నో దశాబ్దాలు దేశమంతటికీ గురువులను, కన్యస్త్రీలను పంపిన కేరళలో పిలుపులు తగ్గడం అక్కడి సభ పెద్దలు బాహాటంగా చెబుతున్న సంగతే. ఒక్క కొడుకున్న ఇంట, ఆ కొడుకు ఇంజినీరింగ్ సీటు తెచ్చుకున్న ఇంట, తల్లి ఎంత భక్తురాలైనా ‘మా వాణ్ని దేవుడికి ఇచ్చేస్తాం’ అనడం మునుపటంత తేలిక కాదు. దాన్ని విశ్వాసలోపం అనకూడదు. మనం గురువులను బయటికి పంపుతూ, ఇక్కడి పల్లె ఉపకేంద్రాల్లో నెలకోసారి కూడా పూజ లేకుండా వదిలేయడం మాత్రం ఆలోచించాల్సిన విషయం. అక్కడ ఆదివారాలు ప్రార్థన నడిపిస్తున్నది ఉపదేశులే. వాళ్ల జీతం గురించి, శిక్షణ గురించి మాట్లాడకుండా గురువుల కొరత గురించి మాట్లాడడం సగం మాటే.

అపోహ: సెమినరీ మధ్యలో వదిలి వచ్చినవాడు ఓడిపోయినవాడు.

చేరినవారిలో అభిషేకం దాకా వెళ్లేది కొందరే. అది శిక్షణ విఫలమైనట్టు కాదు, పనిచేసినట్టు. ఎవరినీ బలవంతాన గురువును చేయరాదని సభ చట్టం నిక్కచ్చిగా చెబుతుంది. అభ్యర్థిలో అడ్డంకి ఏదైనా తెలిసిన విశ్వాసులు అది ముందే చెప్పాలి. గురుపట్టాభిషేకం రోజున కూడా, అభ్యర్థిని ముందుకు పిలిచాక మేత్రాణులు అందరి ఎదుట అడుగుతారు, ఇతడు యోగ్యుడని మీకు తెలుసా అని. జవాబు వచ్చాకే అతడు పీఠం ముందు నేలమీద బోర్లా పడుకుంటాడు, జనం పునీతుల ప్రార్థన పాడతారు. అంతదాకా గురువు కాకూడదని ఎప్పుడైనా నిర్ణయించుకోవచ్చు.

అలా వెనక్కి తిరిగినవారు లెక్చరర్లుగా, టీచర్లుగా, వార్తాపత్రికల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తూ కనిపిస్తారు. చాలా విచారణల్లో గాయకబృందాన్ని నడిపేది వాళ్లే. కానీ ఊళ్లో ఆ కుర్రాడికి ఎదురయ్యేది ‘ఏం చేశావని పంపేశారు?’ అన్న ప్రశ్న. ఆ ప్రశ్న వినలేక అమ్మానాన్నలు అతణ్ని కొన్నాళ్లు మేనమామ ఇంటికి పంపేస్తారు. పక్కింటివాళ్లు ఇదంతా చూస్తారు, తమ పిల్లవాడు సెమినరీకి వెళ్తానన్న రోజున వద్దంటారు.